సాయిబు వాసన

మీ పెళ్లిపందిట్లో అత్తరు, పన్నీరు మర్యాద. మా మణికట్టు మీద అదే అత్తరు సాయిబు వాసన. ఈ తేడా ఎక్కడ పుడుతోంది? సీసాలోనా, ముక్కులోనా?

అమీర్‌పేట, పంజాగుట్టల్నే తీసుకోండి. అమీర్ అరబ్బీ, పేట తెలుగు. పంజా అంటే అరచెయ్యి, పార్సీ మాట, గుట్ట తెలుగు. పేర్లలో ఎప్పుడో కలిసిపోయాం. కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి దిగిన మా పిల్లలు అక్కడ అద్దెగది అడిగితే మాత్రం, అది "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" అవుతుంది. కొన్నిసార్లు పేరు కూడా అడగరు. అత్తరే చెప్పేస్తుంది.

ఎండాకాలం వట్టివేళ్లు, చలికి హినా, శమామా పూసుకుంటాం. వానలు వెనకబట్టి చలి ముదరని ఈ రోజులకు గులాబీ, పచౌలి కలిసిన అత్తరు బాగుంటుంది. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. కాబట్టి మా అగ్గువ సీసాలో ఉన్నది అసలు గులాబీయేనని ఎవరూ ప్రమాణం చెయ్యరు! పచౌలి సంగతి వేరు. పచ్చి ఆకుకు పెద్దగా వాసనుండదు. ఎండి మాగితేనే తడిమట్టి లాంటి వాసన వస్తుంది. 19వ శతాబ్దంలో పురుగు పట్టకుండా కాశ్మీరు శాలువాల మడతల్లో ఈ ఆకులు పెట్టి ఐరోపాకు పంపేవాళ్లు. ఆ వాసనుంటేనే శాలువా అసలుదని అక్కడి దొరసానులు నమ్మేవాళ్లు. 1960ల్లో అమెరికాలో అదే హిప్పీల వాసనైంది. పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారు. ఆకు మాత్రం అదే.

నవాబుల దర్పమనీ అంటారు. మాలో నవాబులెందరు? చెవిలో పెట్టుకునే అత్తరు దూది కూడా మా దూదేకులవాళ్లు ఏకిందే. శుక్రవారం నమాజుకు సువాసన పూసుకుని వెళ్లడం సున్నత్. వారమంతా చెమటోడ్చిన ఒంటికి ఒక చుక్క.

నిజమే, 2017లో వచ్చిన మెట్రోలో, తలుపులు మూసిన పెట్టెలో ఘాటు వాసన పక్కవాడికి బాధే. పక్కవాడి ఊపిరి మీద ఎవరికీ హక్కు లేదు. చుక్కకు మించి పూసుకుంటే మా పెద్దలూ మెచ్చరు. ఆ నియమం పంజాగుట్ట మాల్‌లో వేలు పోసి కొన్న ఫ్రెంచి సీసాకూ ఉండాలి కదా? అందులోనూ గులాబీ, పచౌలీయే. దాన్ని టేస్టంటారు, మాదాన్ని కంపంటారు.

"వాసనే కదా, ఇంట్లో పూసుకోండి" అంటారు సెక్యులర్ మిత్రులు. ఉర్దూ ఇంట్లో, టోపీ ఇంట్లో, అత్తరు ఇంట్లో. మరి వీధిలోకి ఎవరు రావాలి? అత్తరే మేమని మేమనడం లేదు. పూసుకోని ముస్లిం ముస్లిం కాకపోడు. నచ్చక మానేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. గది దొరకదని మానేస్తేనే ఆ మానెయ్యడం ఎవరిదని అడుగుతున్నాం.

రేపు పొద్దున అమీర్‌పేటలో గది చూడ్డానికి వెళ్లే కొడుక్కి పూసుకెళ్లమని చెప్పాలో, కడుక్కెళ్లమని చెప్పాలో మా ఇళ్లల్లో తల్లులకు ఇంకా తేలలేదు.