తరంగమునకు వ్యాప్తి కలదా?

మంథని రేవున నిలిచి గోదావరి పొంగును చూచినవాడు ఎగువను వాన కురిసినదని తలచును. గౌతముని న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు, కార్యమునుండి కారణము నూహించు శేషవదనుమానమునకు ఇట్టి యుదాహరణమునే గైకొనెను. పూర్వపక్షి యాక్షేపమును సూత్రములందే కలదు: నీటి కడ్డు పడినను ఏరు పొంగును గదా, అట్టియెడ అనుమానము ప్రమాణమెట్లగును? దిగువ అన్నారము బ్యారేజీ గేట్లు దించినను మంథని యొద్ద నీరు పెరుగవచ్చును గనుక, ఆ యాక్షేపము నేటికిని సజీవమే.

కరీంనగరమునను మంచిర్యాలయందును షేర్లు కొని యమ్ము యువకులు సెల్‌ఫోనులో క్యాండిల్ చార్టు తెఱచి, శిఖరములకును లోయలకును ఒకటి, రెండు, మూడని అంకెలు వేయుచుండగా చూచినపుడెల్ల నాకీ వాదమే స్ఫురించును. అమెరికా దేశస్థుడగు రాల్ఫ్ నెల్సన్ ఇలియట్ 1938లో ప్రకటించిన తరంగ సిద్ధాంతము ప్రకారము, ధర తన ప్రధానగతిలో 5 అలలుగా సాగి 3 అలలుగా వెనుదిరుగును. ప్రతి అలలోను చిన్న అలలుండును. మనోహరమైన కల్పన. కాని 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కనాడే సుమారు 13 శాతము కూలినపుడు, అది పతనాంతమో పతనమధ్యమో ఆనాటి చార్టు చెప్పజాలదయ్యెను. ధర లేచిన పిదప మాత్రము అంకెలు చక్కగా కుదిరినవి. గతమునకు కుదిరిన లెక్క భవిష్యత్తునకు సాక్ష్యమగునా?

ధూమమున్నచోటెల్ల అగ్ని యుండుట వ్యాప్తి. ఐదవ అలకును పతనమునకును నడుమ అట్టి నియతసాహచర్యమున్నదని నేను నమ్మజాలను. మనము పొగను చూచినంతనే నిప్పు మారదు. అలను పలువురొకే రీతిగా చదివి యొకేసారి అమ్మజొచ్చిరేని అలయే మారిపోవును. ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములు చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో, 2024 మార్చితో ముగిసిన మూడు ఆర్థిక సంవత్సరములలో 93 శాతము నష్టపడిరని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించినది గనుక, ఈ శంకను పండితగోష్ఠికే విడిచిపెట్టరాదు.

అయినను ఏటి పొంగును గూర్చిన యాక్షేపమునకు భాష్యకారుని సమాధానము గొప్పది. వాన పొంగునకు వడి కలదు. నురుగు, పండ్లు, ఆకులు, కట్టెలు కొట్టుకొనివచ్చును. అడ్డుపడి నిలిచిన నీటికి ఈ గుర్తులు లేవు. చార్టులో అట్టి గుర్తులేవి? ఇలియట్ పద్ధతిలో అవి నిషేధరూపమున నున్నవి: రెండవ అల మొదటి అల పుట్టిన చోటు దాటి దిగరాదు, ఒకటి, మూడు, ఐదు అలలలో మూడవది అన్నింటికన్న పొట్టిది కారాదు, నాలుగవది మొదటి అల శిఖరము క్రిందికి రారాదు. ఇవి రేపటి ధరను చెప్పవు. చదివినవాని లెక్క తప్పినదని చెప్పును. చార్టులో ప్రమాణమనదగినది ఈ భాగమొక్కటే యని నా నిశ్చయము. కావున రెండవ అల ముగిసినదని కొనువాడు, మొదటి అల మూలమునకు దిగువను స్టాప్‌లాస్ (ధర అంతకు దిగిన అమ్మివేయు హద్దు) ఉంచుటయనగా, తన హేతువునకు బాధకమేదియో ముందే యంగీకరించుట. ఆ గీత దాటినను అమ్మక, ఒకటి యన్న అలకు, వెనుదిరుగు అలలలో మొదటిదాని పేరగు ‘ఏ’ యని పేరు మార్చి లెక్క సవరించుకొనువారిని చూచితిని. ధర యెంత దిగినను వారి లెక్క తప్పదు, వారికి అమ్మవలసిన వేళయు రాదు.