పంటి బిగువు

దేవుడిచ్చిన మొహాన్ని దిద్దుకోవడం తప్పా అని ఎవరైనా అడిగితే, మొన్నమొన్నటిదాకా నేను ఠక్కున "తప్పే" అనేదాన్ని. ఇప్పుడంత ఠక్కున అనలేకపోతున్నాను. దానికి కారణం మా చెల్లెలి కూతురూ, దాని దవడాను.

ఆ పిల్ల ఫిల్మ్‌నగర్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకుని ఉంటోంది. ఏడాదిన్నరగా వెబ్ సిరీసుల్లో చిన్నాచితకా వేషాలు వేస్తూ, మధ్యమధ్య ఫంక్షన్లలో యాంకరింగ్ చేస్తూ నెట్టుకొస్తోంది. ఆమధ్య ఏదో ఆడిషన్‌కి వెళితే, అక్కడున్న కుర్రాడొకడు దీని ఫోటోలు అటూ ఇటూ తిప్పి, "పక్కనుంచి చూస్తే దవడ కాస్త బరువుగా ఉందండీ" అన్నాడట. అంతే! ఆ రోజు నుంచీ దానికి అద్దంలో దవడ తప్ప మరేమీ కనపడటం లేదు.

"కత్తి పెట్టరు పెద్దమ్మా, ఉత్త సూదే" అంది నాతో. వాళ్ళమ్మ మాత్రం హడలిపోయింది. హడలదూ మరి! 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో ఇంటింటి పిల్ల అయిన ఆర్తీ అగర్వాల్, కొవ్వు తీయించుకునే ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, అమెరికాలో కన్నుమూసింది. ముప్పై ఒక్కేళ్ళు! ఆ వార్త మా చెల్లెలు ఈనాటికీ మరచిపోలేదు. "నువ్వు వెంట వెళ్ళక్కా. నాలుగు మంచిమాటలు చెప్పి మనసు మళ్ళించు" అని ఆ పని నా నెత్తిన పెట్టింది.

అందులో నా స్వార్థమూ ఉందనుకోండి. ఆ దవడ మా అమ్మది. అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ పిల్ల పక్కకి తిరిగి కూర్చున్నప్పుడల్లా అమ్మే కూర్చున్నట్టుంటుంది నాకు. అలాంటిది, "ఇది తగ్గించేస్తారుట" అని అది తేలిగ్గా అంటుంటే నాకు గుండె కలుక్కుమంది.

సరే, ఉపన్యాసం సిద్ధం చేసుకుని బయల్దేరాను. "దేవుడిచ్చిన రూపం..." అని మెట్రోలో మొదలుపెట్టానో లేదో, అది నవ్వి, "నా ముక్కు దేవుడిచ్చిందా పెద్దమ్మా? చిన్నప్పుడు నలుగు పెట్టి, స్నానం పోసి, రోజూ ముక్కు లాగి, తల గుండ్రంగా రావాలని నొక్కినామె ఎవరు?" అంది. నేనే! కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నూనె చేతుల్తో దాని ముక్కూ గడ్డమూ దిద్దింది నేనే. అడిగి చేశానా? లేదు. చెవులు కుట్టించినప్పుడూ దాన్ని అడగలేదు. పైగా నా తలకి పాతికేళ్ళుగా రంగు! దేవుడి మాట అక్కడితో ఆపేశాను.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగి ఆటో ఎక్కాం. ఆ క్లినిక్ పేరెందుకు గానీ, పెళ్ళివారి విడిదిలా ఉంది. గోడల నిండా కత్తితో కోసినట్టున్న దవడల ఫోటోలు. నాకు 'మాయాబజార్'లో సావిత్రి గుర్తొచ్చింది. 1957 నాటి సినిమా. ఆ గుండ్రటి బుగ్గలకి మార్కస్ బార్ట్లీ కెమెరాయే అద్దం పట్టింది గాని, సూదులు పట్టలేదు. పైగా శశిరేఖ మొహంలోకి ఘటోత్కచుడు దూరితే, మొహం అదే అయినా మనిషి వేరని మనకి ఇట్టే తెలిసిపోతుంది. ఒక చూపు, ఒక నడక చాలు. "నటన దవడలో ఉండదే" అన్నాను.

"సావిత్రిగారిని లోపలికి రానిచ్చారు పెద్దమ్మా. అందుకే ఆవిడ నటన చూశారు. నన్ను గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు" అంది. ఏం చెప్పను? అది షోకు కోసం రాలేదు, తిండి కోసం వచ్చింది. కడుపుతో ముడిపడ్డ అందాన్ని నాలాంటి పింఛనుదారు వెక్కిరించడం సులువే.

అంతలో ఒకమ్మాయి వచ్చి రకాలు వివరించింది. ఒకటి బొటాక్స్. దవడ కండరానికి నరం నుంచి వచ్చే ఆజ్ఞని ఆపుతుంది. పని లేని కండరం కొన్ని వారాల్లో పలచబడుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల తర్వాత మళ్ళీ యథాప్రకారం. రెండోది ఫిల్లర్. తీసెయ్యడం కాదు, జెల్ లాంటి పదార్థం ఎక్కించి గడ్డం, దవడ అంచు తీర్చడం. ఏడాది, ఆపైన కొన్నాళ్ళు నిలుస్తుంది, వద్దనుకుంటే చాలావరకు కరిగించే మందు ఉంది. మూడోది గడ్డం కింది కొవ్వుని కరిగించే ఇంజక్షన్. మన పిత్తరసంలో ఉండే ఆమ్లమేనట! అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. కొన్నాళ్ళు వాపు ఉంటుంది, పోయిన కొవ్వు కణం మళ్ళీ పుట్టదు. నాలుగోది అల్ట్రాసౌండ్ వేడితో చర్మాన్ని లోపలినుంచి బిగించడం. ఫలితం రెండు మూడు నెలలకి గాని తెలియదట. చెప్పడం పూర్తిచేసి, నావైపు తిరిగి, "మేడమ్, మీకైతే నాలుగోది బావుంటుంది" అంది. నేను కొంగు మెడచుట్టూ కప్పుకున్నాను.

నాకప్పుడు చీరల కొట్టు గుర్తొచ్చింది. అక్కడా అంతే కదా! "కొంటారా" అని ఎవడూ అడగడు. నాలుగు చీరలు పరిచి, "ఏది కట్టమంటారు?" అంటాడు. నాలుగింట్లో ఒకటి ఏరుకునే హడావిడిలో, అసలు కొనాలా అన్నది మనకే గుర్తుండదు. ఏరుకున్నాం కాబట్టి మన ఇష్టప్రకారమే జరిగిందని సంతోషిస్తాం. ఏదీ వద్దనుకోవడం కూడా ఒక రకమేనని ఆ చీటీలో రాయరు.

అదృష్టవశాత్తూ లోపలున్న డాక్టరమ్మ మంచావిడ. దీని దవడ రెండుపక్కలా వేళ్ళు ఆనించి, "ఒకసారి పళ్ళు గట్టిగా బిగించు" అంది. బిగించింది. "ఇప్పుడు వదులు." వదిలింది. "ఇది ఎముక వెడల్పు కాదమ్మా, కండరం. రాత్రిళ్ళు పళ్ళు నూరుతావా?"

పిల్ల తెల్లబోయింది. "మా గదిలోవాళ్ళు అంటారండీ, నా పళ్ళ చప్పుడికి నిద్రపట్టట్లేదని."

చేతికి కసరత్తు చేస్తే కండ పెరిగినట్టే, పళ్ళు నూరేవాళ్ళకి దవడ కండ పెరుగుతుందట. అందరికీ మనోవ్యథే కారణం కాదుట, కొందరికి నిద్రలో తేడా, కొందరికి ఉత్త అలవాటు. "ఇంజక్షన్ చేస్తే తగ్గుతుంది. కానీ నూరడం మానకపోతే మళ్ళీ మళ్ళీ రావాలి. ముందు పళ్ళ డాక్టరుకి చూపించు. రాత్రిపూట పళ్ళకి తొడుక్కునే గార్డు ఇస్తారు. సూదే కదా అని తేలిగ్గా తీసుకోకు, తప్పుచోట పడితే నవ్వు వంకరపోతుంది. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే అంతకన్నా ప్రమాదం" అంది.

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది గాని, నా చెవికి ఎక్కలేదు. నాకు అరవై ఏళ్ళనాటి చప్పుడొకటి వినపడుతోంది. చిన్నప్పుడు అమ్మ పక్కలో పడుకుంటే, అర్ధరాత్రి ఎలుక కొరికినట్టు కరకరమని చప్పుడు. అమ్మ పళ్ళు! పద్నాలుగుమంది ఉన్న ఇంటికి పెద్ద కోడలు ఆవిడ. పగలంతా పల్లెత్తుమాట అనేది కాదు. "మహా ఓర్పుగల మనిషి, పంటి బిగువున ఈదుకొచ్చింది" అని ఊరంతా మెచ్చుకునేవారు. పోయిన మనిషికి ఇప్పుడు జబ్బు అంటగట్టను గాని, నేను ఇన్నాళ్ళూ ముచ్చటపడ్డ ఆ దవడ, మా వంశం ఇచ్చినదా, మా అమ్మ మింగిన మాటలు ఇచ్చినదా?

తిరుగుదారిలో పెద్దమ్మగుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక మెట్లమీద కూర్చుని, "ఏం నూరుతున్నావే రాత్రంతా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పింది. చేసిన రెండు సిరీసులకీ డబ్బు రాలేదట. అద్దె స్నేహితురాలు కడుతోందట. వాళ్ళమ్మకి మాత్రం "అంతా బావుందమ్మా" అని రోజూ ఫోన్‌లో చెబుతోందట. "అమ్మ భయపడుతుంది పెద్దమ్మా, ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందని..."

ఓర్చుకోమని దానికి ఎవరు నేర్పారు? మనమే కదా! గాజులిచ్చినట్టు, పట్టుచీరలిచ్చినట్టు, ఈ బిగువు కూడా ఒద్దికగా మడిచి ఆడపిల్లలకి ఇస్తున్నాం. తీరా దాని ఆనవాలు వాళ్ళ మొహాలమీద కనపడి, వాళ్ళు తీయించుకుంటామంటే, "దేవుడిచ్చిన మొహం" అంటాం. దేవుడికి దీనితో సంబంధం ఉందని నాకిప్పుడు నమ్మకం లేదు.

సూది వేయించుకోవడం తప్పు కాదు. వేయించుకోకపోవడం గొప్పా కాదు. ఆ మొహం ఏం చెబుతోందో ఒకసారి వినకుండా నోరు మూయించడమే నాకు తప్పనిపిస్తోంది. విన్న తర్వాత ఏం చెయ్యాలో ఆ మొహం గలవాళ్ళ ఇష్టం. ఆ రాత్రే అది వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. గార్డు వచ్చింది. మూడు నెలలు చూసి, అప్పటికీ కావాలనిపిస్తే బొటాక్స్ వేయించుకుంటానంది. "నేనే తోడొస్తా" అన్నాను. ఆ ఆడిషన్ కుర్రాడి సంగతికి మాత్రం ఏ డాక్టరు దగ్గరా మందు లేదు.

వచ్చేముందు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలిట, పళ్ళు మాత్రం విడిగా ఉండాలిట. ఇంటికొచ్చి, వాలుకుర్చీలో కూర్చుని ప్రయత్నించాను. నిమిషం తిరగకుండా పళ్ళు కరుచుకున్నాయి. విడదీశాను. మళ్ళీ కరుచుకున్నాయి.

"ఏమిటలా మొహం పెట్టావ్? పన్ను నొప్పా?" అన్నారు మావారు పేపరు దించి.

ఎప్పటిలా "ఏం లేదండీ" అనబోయి, ఆగి, "కూర్చోండి, చెబుతాను" అన్నాను.