స్టార్ట్ కాని బండి – ప్రతీత్య సముత్పాదం

 



ఈసారి మన పేటలో చాలా ఇళ్ళ ముందు స్టాండ్ వేసి ఉండే పాత బండి గురించి మాట్లాడుకుందాం. హీరో హోండా సీడీ 100 కావచ్చు, 1994లో వచ్చిన స్ప్లెండర్ కావచ్చు. ముగ్గురు నలుగురి చేతులు మారి మన దాకా వచ్చిన బండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపుగా పోయింది గానీ, మన బండ్లు ఇంకా కార్బొరేటర్ మీదే బతుకుతున్నాయి. తాపీ పనికి పోవాలన్నా, పిల్లని పరీక్షకి దించాలన్నా, అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అదే దిక్కు. పొద్దున్నే అది కదలకపోతే, అడ్డా మీద మేస్త్రి మన కోసం ఆగడు. ఇంకొకరిని పిలుచుకుని పోతాడు. ఆ రోజు కూలి పోయినట్టే.

ఇప్పుడు ఆ పొద్దున ఏం జరుగుతుందో చూడండి. పది కిక్కులు కొడతాం. స్టార్ట్ కాదు. ఇంకో పది. చెమట పడుతుంది, కోపం వస్తుంది. అప్పుడు నోట్లోంచి వచ్చే మాట ఏంటి? "పొద్దున్నే ఎవరి మొహం చూశానో!"

ఈ మాట దగ్గర ఆగుదాం. ఊరికే అలవాటుగా అన్న మాట అని మీరు అనొచ్చు. కానీ ఆ మాటకి ఒక మొహం కావాలి కదా. ఎవరిది ఆ మొహం? పక్కింట్లో భర్త పోయిన అక్కది. నీళ్ళ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి పోతూ ఎదురొచ్చింది, అంతే ఆమె చేసిన నేరం. ఆమె వినేలాగే అంటాం. ఆమెకిది కొత్త కాదు. మర్నాటి నుంచి మన బండి బయటికి తీసే దాకా గుమ్మం దాటదు. కుళాయి కట్టేసే వేళకి పోయి అర బిందె పట్టుకుంటుంది. ప్లగ్గుకి పట్టిన మసి వల్ల ఆగిన బండికి ఒక ఆడమనిషి నీళ్ళు మానుకుంది!

ఒక మనిషి ఎదురొస్తే కీడు అనే ఆలోచన ఎక్కడిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బాబాసాహెబ్ 1936లో ప్రచురించిన 'కుల నిర్మూలన'లో పీష్వాల కాలం గురించి రాశారు. పూణెలో అంటరానివాడు తన అడుగుల జాడ తానే ఊడ్చుకుంటూ పోవడానికి నడుముకి చీపురు, ఉమ్మి నేలమీద పడకుండా మెడలో కుండ కట్టుకోవాలి. అతని నీడ పడితే మైల అని హిందువు వచ్చే దారిలో నడవనివ్వలేదు. అంటే ఒకప్పుడు ఎదురు రాకూడని మనిషి మనమే. మన తాత నీడకి ఎంత కీడు ఉందో పక్కింటి అక్క మొహానికీ అంతే ఉంది. బుద్ధ వందన చేసే నోటితోనే ఆ అక్కని ఆ మాట అంటే, పీష్వా మన ఇంట్లోనే కూర్చున్నట్టు.

సరే, మరి బండి ఎందుకు ఆగింది?

ప్రతీత్య సముత్పాదం అనగానే పన్నెండు నిదానాలు, పాళీ పేర్లు గుర్తొచ్చి మనలో చాలామంది భయపడతారు. విషయం మాత్రం మెకానిక్ షెడ్డులో పిల్లాడికి కూడా తెలిసినదే. ఏదీ దానంతటది జరగదు, ఎవడో పైనుంచి జరిపించడు. తగిన పరిస్థితులు కూడితే జరుగుతుంది. వాటిలో ఒకటి తప్పుకుంటే ఆగిపోతుంది. బండి ఇంజిన్‌కి కావలసినవి పెట్రోలు, గాలి, ఆ రెండూ కలిసిన ఆవిరిని నొక్కిపట్టే ఒత్తిడి, సరైన క్షణంలో నిప్పురవ్వ. వీటికి బయట "బండి ప్రాణం" అని వేరే ఏమీ లేదు. మిలింద రాజుకి నాగసేన భంతే రథాన్ని చూపించి చెప్పింది ఇదే. చక్రమా రథం, ఇరుసా రథం అని విడివిడిగా అడుగుతూ పోతే, రథం అనేది ఆ భాగాల కూర్పుకి పెట్టిన పేరని తేలింది. మన స్ప్లెండర్‌ని కూడా అలాగే అడగాలి.

ముందు తేలికైనది అడగండి. కాక్ ఆన్‌లో ఉందా? లేకపోతే రిజర్వ్‌కి తిప్పండి. ట్యాంకు మూత తీసి, బండి ఊపి, చప్పుడు వినండి. చీకట్లో అయితే ఫోను లైటు వేసుకోండి. అగ్గిపుల్ల మాత్రం వద్దు, నవ్వకండి, ఆ పని చేసేవాళ్ళు ఉన్నారు. మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకు నిండా ఉన్నా పెట్రోలు కిందికి దిగదు. మూత తీసి కాసేపాగి కొడితే స్టార్ట్ అయిందంటే దొంగ దొరికినట్టే.

తర్వాత ప్లగ్గు. కాక్ ఆపి, ప్లగ్ పానాతో విప్పండి. అది సాక్ష్యం చెబుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు ఇంజిన్ దాకా రావట్లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పడట్లేదు, లేదా పెట్రోలు ఓవరైంది. నల్లగా మసి పట్టి ఉంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ కూడా చూడాలి. ప్లగ్గుని గుడ్డతో తుడిచి, మొనని గీకుడు కాగితంతో శుభ్రం చేయండి. ఆ రెండు మొనల మధ్య సందు ఈ 100 సీసీ బండ్లకి సుమారు 0.7 మిల్లీమీటర్లు చాలు. ఇక దాన్ని క్యాప్‌లో పెట్టి, లోహపు భాగం ఇంజిన్‌కి ఆనేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి కిక్ కొట్టండి. చుట్టుపక్కల పెట్రోలు తడి ఉండకూడదు. చేత్తో పట్టుకోకండి, షాక్ కొడుతుంది. నీలం రంగు రవ్వ టక్కున వచ్చిందా, ప్లగ్గు మంచిదే. రాకపోతే, తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో మంచి ప్లగ్గు అడిగి పెట్టి చూడండి. దానికీ రాకపోతే గొడవ వైర్లలోనో, కాయిల్‌లోనో, సీడీఐలోనో ఉంది.

వానాకాలం నెలరోజులు కదలని బండి అయితే నాకు ముందు అనుమానం నీళ్ళ మీదే. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమని పీల్చుకుంటుంది. నీళ్ళు బరువు కాబట్టి కార్బొరేటర్ గిన్నె అడుగున చేరతాయి. గిన్నె కింది స్క్రూ వదులు చేసి కాస్త సీసాలో పట్టి చూస్తే, అడుగున బుడగల్లా నీళ్ళు కనబడతాయి. ఇక కిక్ ఏ పట్టూ లేకుండా వదులుగా దిగిపోతుంటే అది వాల్వులో, రింగులో. మన చేతిలో పని కాదు, మెకానిక్ దగ్గరికి తోసుకుపోవడమే.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. ప్లగ్గు మార్చి, జెట్టు కడిగి, ఫిల్టర్ దులిపి, అన్నీ ఒకేసారి చేస్తే బండి స్టార్ట్ అవుతుందేమో గానీ దేనివల్ల అయిందో తెలియదు. మళ్ళీ ఆగిన రోజు మళ్ళీ గుడ్డివాళ్ళమే. కేసపుత్తలో కాలాములకి బుద్ధుడు చెప్పిన దారి ఇదే కదా. ఎవరో చెప్పారనీ, ఎప్పట్నుంచో అంటున్నారనీ, గురువు మాట అనీ పట్టుకోవద్దు. మీరే పరీక్షించి తెలుసుకోండి. మెకానిక్ మాటకి కూడా ఇది వర్తిస్తుంది.

కోపంతో కొట్టే కిక్కుల సంగతి కూడా చెప్పాలి. చోక్ లాగి ఇరవై కిక్కులు కొడితే పెట్రోలు ఓవరై ప్లగ్గు తడిసిపోతుంది. ఇంకా కొట్టేకొద్దీ ఇంకా తడుస్తుంది. అప్పుడు చోక్ ఆఫ్ చేసి, కాక్ ఆపి, ప్లగ్గు ఆరబెట్టి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు సార్లు కొట్టాలి. అష్టాంగ మార్గంలో వ్యాయామానికి ముందు 'సమ్మా' అని ఎందుకు ఉందో మోకాలు నొప్పి పుట్టాక బాగా అర్థమవుతుంది.

ఇంట్లో అమ్మ ఉంటుంది. బండికి నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది, దసరాకి టైరు కింద నిమ్మకాయ పెట్టమంటుంది. 1956 అక్టోబర్ 14న, అశోక విజయదశమి రోజునే బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం, అదే రోజు బండికి గుమ్మడికాయ కొట్టేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. "పోనీలే, నిమ్మకాయేగా, ఎంత ఖర్చు?" అంటారు. డబ్బు లెక్క కాదు. దిష్టి తీశాం కదా అని ప్లగ్గు చూడటం మానేస్తాం, ఆ ఖర్చు పెద్దది. మన పెద్దల్ని "పూర్వజన్మ పాపం" అని నమ్మించినవాళ్ళు చేసింది కూడా అదే. భూమి ఎవరి చేతిలో ఉంది, బడి తలుపు ఎవరు మూశారు అని చూడకుండా మన చూపుని గత జన్మ వైపు తిప్పారు. అలాగని అమ్మ కట్టిన నిమ్మకాయని కోపంగా తెంపి పారేయకండి. ఆమె కట్టింది బిడ్డ క్షేమంగా రావాలని. ఆమె ముందే కూర్చుని ప్లగ్గు తుడిచి, రవ్వ చూపించండి. 1956 మే నెలలో బీబీసీలో మాట్లాడుతూ బాబాసాహెబ్ ప్రజ్ఞ, కరుణ, సమత అని మూడూ కలిపి చెప్పారు. ప్రజ్ఞ ఒక్కటే పట్టుకుని అమ్మ మీద అరిచేవాళ్ళని చాలామందిని చూశాను.

మన సంఘాల్లో ఇంకో శకునం ఉంది. ఆదివారం వందనకి జనం రాకపోతే "మనవాళ్ళింతే, ఐక్యత లేదు" అంటాం. అది కూడా "ఎవరి మొహం చూశానో" లాంటిదే. ఏ కారణమూ వెతకక్కర్లేని మాట. మిరపకోతల రోజుల్లో సాయంత్రం నాలుగింటికి మీటింగ్ పెడితే ఆడవాళ్ళు ఎలా వస్తారు? చేను నుంచి ఆటో దిగేసరికే చీకటి పడుతుంది. చేతులు మంట. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాలి. టైము ఏడున్నరకి మార్చి చూడండి. రాకపోతే ఇంకో కారణం వెతకండి, ఒక్కొక్కటిగా.

వచ్చే ఆదివారం వందన అయ్యాక ఒక పాత బండిని విహారం ముందు పెట్టి, పానాతో ప్లగ్గు విప్పడం అందరం నేర్చుకుందాం. ఆడపిల్లల చేత ముందు విప్పించండి. పక్కింటి అక్కని కూడా పిలవండి. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుండగా కిక్ కొట్టండి.

జై భీమ్. నమో బుద్ధాయ.