బాలాపరాధులు — శిక్ష

శిక్ష యను మాటకు సంస్కృతమున విద్యయని యర్థము. తెలుగున నది దండనమునకే రూఢమైనది. తైత్తిరీయమున శీక్షావల్లి గలదని యెఱిగినవారును న్యాయస్థానమున కేగునప్పుడు మొదటి యర్థమును మఱతురు. బాలుడు నేరము చేసినపుడు మన మే యర్థమును గ్రహింపవలయును?

2016వ సంవత్సరమున అమెరికాయందలి వర్జీనియా రాష్ట్రమున, ఆష్‌బర్న్ అను నూర, పదునాఱు పదునేడేండ్ల బాలురయిదుగురు ఒక పాత బడిగోడలపై ద్వేషపు వ్రాతలు పూసిరి. తెల్లవారి పిల్లలతో గూర్చుండుట నిషిద్ధమైన కాలమున నల్లవారి పిల్లలు చదివిన యొంటిగది బడి యది. ఆ వ్రాతలలో స్వస్తికమును నుండెను. మనము గడపపై మంగళార్థము దీర్చు గుర్తే హిట్లరు చేతబడి 60 లక్షల యూదుల వధకు ధ్వజమయ్యెను. గుర్తు నెఱిగినంతమాత్రమున దాని యర్థ మెఱిగినట్లు గాదు. ఆ బాలురకును దాని భారము తెలియదని యభియోగము నడపిన ప్రాసిక్యూటరుకే తోచెను. చదువవలసిన పుస్తకముల పట్టికను సిద్ధపఱచినది యామెయే. 2017లో న్యాయస్థానము వారిని చెఱకు బంపక, ఏడాదిపాటు నెలకొక పుస్తకము చదివి దానిపై వ్రాయుడనియు, యూదుల సంహారమును జూపు మ్యూజియమును దర్శింపుడనియు, ఆ బడిలోనే చదివిన యొకరు చెప్పుకొన్న యనుభవములను వినుడనియు నాజ్ఞాపించెను.

ఇది వట్టి దయయని కొందఱందురు. నాకట్లు తోచదు. చెఱలోని బాలుడు తన బాధనే లెక్కించుకొనును. ఈ బాలురు పండ్రెండు నెలలు పరుల బాధను లెక్కింపవలసివచ్చెను. ఏది కఠినమో చదువరులే యోచింతురుగాక.

అయితే, పూనా మాటయేమి? 2024 మే 19వ తేదీ తెల్లవాఱకమునుపు పదునేడేండ్ల బాలుడు నడపెనని పోలీసులు చెప్పిన కారు క్రింద యువ ఇంజనీరులిద్దఱు మరణించిరి. కొన్ని గంటలలోనే జువెనైల్ జస్టిస్ బోర్డువారు జామీ నొసగుచు విధించిన షరతులలో 300 మాటల వ్యాస మొకటి! అది జామీను షరతే కాని తుదితీర్పు కాదని న్యాయవాదిగా నేను చెప్పవలసియున్నది. అయినను బిడ్డలను గోల్పోయిన తల్లిదండ్రుల చెవి కీ భేద మెక్కునా? దేశమెల్ల నాక్రోశించెను, ఆ యుత్తరువు కొలదిదినములలోనే మాఱెను. అచ్చట దోషము విద్యది కాదు, కొలతది. నష్టపడినవారి గోడు వినని వ్యాసము, ఒక్క పూట శ్రమయైన నడుగని వ్యాసము, విద్య యెట్లగును?

ఇంకొక చిక్కు గలదు. నన్ను మిక్కిలి బాధించునది యిదియే. బడి మానిన కూలివాని కొడుకునకు నెలకొక పుస్తకమనుట పరిహాసము. చదువుకొన్న యింటి బాలునికి వ్యాసమును, చదువులేనివానికి గృహనిర్బంధమును బంచిపెట్టుదుమేని, అది న్యాయము పేర జరుగు కులభేదమే. 2015వ సంవత్సరపు చట్టమున 18వ సెక్షను, బడికి బొమ్మనియు, వృత్తి నేర్వుమనియు నాజ్ఞాపించు నధికారమును బోర్డున కొసగియున్నది. కాని యుత్తరువు చేతబట్టుకొని వచ్చిన బాలుని గూర్చుండబెట్టి యక్షరము దిద్దించువా డెవడు?

ఆ బోర్డున మేజిస్ట్రేటుతోబాటు సంఘసేవకు లిద్దఱుండవలెననియు, వారిలో నొకరు స్త్రీ కావలెననియు నదే చట్టము శాసించుచున్నది. పిల్లల విద్యకో యారోగ్యమునకో యేడేండ్లు పాటుపడినవా రాస్థానముల కర్హులు. అట్టివారు మీ యిండ్లలో లేరా?