దిమ్మలో వేరు, నేలలో బ్రదుకు

ధ్యాన భాగము: కొలస్సయులకు 2:6, 7



గోదావరి దరినున్న కడియము నర్సరీలను మనలో అనేకులు చూచియుందురు. ఒక వర్షాకాలమున ఆ ప్రాంతమునకు ఆరాధన నిమిత్తము వెళ్లినప్పుడు, అచ్చటి సంఘపు సహోదరుడొకడు తాను పనిచేయు తోటను చూపుటకు నన్ను తోడుకొనిపోయెను. పచ్చని నీడవల క్రింద వరుసగా ట్రేలు పెట్టియుండెను. వాటిలో కొబ్బరి పీచు పొట్టును అదిమి చేసిన చిన్న దిమ్మలు, ప్రతి దిమ్మలో అయిదారు అంగుళముల మందార కొమ్మ.

"ఇవి చిగురు వేసినవి గదా, ఇక నేలలో పెట్టవచ్చునా?" అని అడిగితిని.

అతడు నవ్వి, "చిగురు చూసి మోసపోకూడదండి అయ్యగారూ. కొమ్మలో ఉన్న సారంతోనే ఆకులొచ్చేస్తాయి. దిమ్మ పక్కల్నుంచి తెల్లటి వేళ్లు కనబడాలండి. అప్పుడే నాటాలి" అనెను.

ఆ సాయంకాలము అతడు మొక్కలు నాటుచుండగా నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. నేర్చుకొనిన సంగతులు నాలుగు. వాటిని మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది, దిమ్మ అవసరమే గాని అది నివాసము కాదు. కొబ్బరి పొట్టు తడిని నిలుపును, గాలిని ఆడనిచ్చును. లేత వేరుకు అంతకంటె మంచి ఊయెల లేదు. అయితే దానిలో ఆహారము బహు కొద్ది. వేళ్లు వచ్చిన తరువాత కూడ మొక్కను అందులోనే ఉంచినయెడల అది పాలిపోయి గిడసబారును. మన యిల్లు, ఆదివారపు బడి, హాస్టలు ప్రార్థనలు మన బిడ్డలకు అట్టి దిమ్మలే. బిడ్డను చదువునకో ఉద్యోగమునకో పంపునప్పుడు, కుమార్తెను అత్తవారింటికి సాగనంపునప్పుడు తల్లి గుండె ఒప్పుకొనదు. కాని దేవుడు వేళ్లనిచ్చినది నేలకొరకే గదా!

రెండవది, దిమ్మను విప్పకూడదు. "ఈ పొట్టు దులిపి నాటుదురా?" అని అడిగితిని. "అమ్మమ్మా! దులిపితే వేళ్లు తెగిపోతాయండి. దిమ్మతోనే పెట్టాలి" అని అతడు దిమ్మను ముందుగా నీటిలో తడిపి, తడిచేసిన గుంటలో పదిలముగా దించెను. నాకు తిమోతి జ్ఞాపకమునకు వచ్చెను. అతని విశ్వాసము మొదట అవ్వయైన లోయియొద్దను, తల్లియైన యునీకేయొద్దను వేరు తన్నినది. పౌలు అతనిని లుస్త్రనుండి తనవెంట తీసికొనిపోయెను. తరువాత ఎఫెసు సంఘములో నిలిపెను. ఆ పెద్ద పట్టణములో ఉన్నవానికి వ్రాయుచు పౌలు ఇంటి సంగతులు మరచిపొమ్మనలేదు. అవ్వను, తల్లిని, చిన్ననాటనుండి ఎరిగిన లేఖనములను జ్ఞాపకము చేసెను. యౌవనులారా, పట్టణము చేరగానే తల్లి నేర్పిన ప్రార్థనను పల్లెటూరి పొట్టని దులిపివేయకుడి. మీ వేళ్లు దానిలోనే అల్లుకొనియున్నవి.

మూడవది, దిమ్మ పైకి కనబడకూడదు. అతడు దిమ్మమీద అర అంగుళము మట్టి కప్పి, సందు లేకుండ చుట్టును నొక్కెను. కారణమేమనగా, దిమ్మ బయటికి తేలియున్నయెడల, దీపపు వత్తి నూనెను లాగినట్లు అది లోపలి తడిని లాగి గాలికిని ఎండకును అప్పగించును. దిమ్మయు, దానిలోని వేళ్లును ఎండిపోవును. పట్టణములో ఇరువది ఏండ్లు కాపురముండియు, "మా సంఘము ఊరిలోనే ఉన్నది" అని చెప్పి, క్రిస్మసుకు మాత్రము వచ్చి కానుక వేసి వెళ్లువారు కలరు. వారి ప్రేమకు వందనములు. కాని ప్రియులారా, మీరున్నచోట ఏదో యొక సంఘములో లోతుగా నాటబడుడి. అక్కడి కష్టములో పాలు పొందుడి. తేలియున్న దిమ్మ ఎండకు నిలువదు.

నాలుగవది, ఆరంభములో నీరు మొక్క మొదటనే పోయవలెను. చుట్టునున్న నేల తడిగానే యుండవచ్చును. కాని వేళ్లింకను ఆ మట్టిలోనికి ప్రాకలేదు గనుక, తడి నేల నడుమ దిమ్మ ఎండి మొక్క వాడిపోవును. ఈ మాట వినగానే నా తల వంగిపోయెను.

ఏలయనగా కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపు యౌవనుడొకడు పనికొరకు పట్టణమునకు వెళ్లెను. బస్సు దగ్గర ప్రార్థనచేసి పంపితిని. ఆ పట్టణములో ఆలయములకు కొదువ లేదు, నేల తడిగానే ఉన్నదని నెమ్మదిగా ఉంటిని. ఒక ఉత్తరము వ్రాయలేదు. అక్కడి కాపరికి అతని పేరు తెలుపలేదు. రెండేండ్లకు క్రిస్మసునాడు అతడు వచ్చి కడపటి వరుసలో కూర్చుండెను. ఆరాధన ముగిసిన తరువాత, "అయ్యగారూ, మూడు నెలలు గుడికి వెళ్లానండి. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత మానేశాను" అనెను. నేనేమి ఉత్తరమియ్యగలను? నారు పోసినవాడు నీరు పోయకపోడని మనము చెప్పుకొందుము. అది సత్యమే. కాని పౌలు నాటగా అపొల్లో నీరు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే. ఆ నడిమి పని మనుష్యుల చేతికి అప్పగింపబడినది. నా చేతిలోని చెంబు వట్టిదై యుండెను. ఇప్పుడు అతనితో ఫోనులో మాటలాడుచున్నాను. అతనికొరకు మీరును ప్రార్థించుడి.

కావున ఈ మాసములో ప్రతి సంఘము రెండు పనులు చేయవలెనని బ్రతిమాలుచున్నాను. మన ఊరు విడిచి వెళ్లినవారి పేర్లు వ్రాసి, ఆదివారము సాయంకాలము ఒక్కొక్కరితో మాటలాడుడి. వారున్నచోటి కాపరికి వారిని అప్పగించుడి. రెండవది, మన గుడిలోనికి వచ్చిన క్రొత్తవారిని చూడుడి. క్రొత్త కోడలు కావచ్చును, బదిలీపై వచ్చిన పంతులమ్మ కావచ్చును, కూలికి వచ్చిన కుటుంబము కావచ్చును. పేరు అడుగుడి, ఆ పేరు మరచిపోకుడి, ఒక పూట భోజనమునకు పిలువుడి. వారు ఏదో తల్లి కన్నీటితో సాగనంపిన మొక్కలు.

యెహెజ్కేలు పదునేడవ అధ్యాయములో ప్రభువు తానే దేవదారు లేత కొమ్మను త్రుంచి ఎత్తయిన పర్వతముమీద నాటెదనని వాగ్దానము చేసెను. అది మహా వృక్షమై పక్షులకు నీడనిచ్చును. మొదట త్రుంచబడుట, పిమ్మట నాటబడుట, ఆ తరువాతనే నీడ. ఆయన చేతిలో త్రుంచబడినది పారవేయబడినది కాదు.

ప్రార్థన: ప్రభువా, మా యిండ్లనుండి దూరమునకు వెళ్లిన బిడ్డలను నీయందు వేరు పారజేయుము. మాయొద్దకు వచ్చినవారికి మమ్మును మెత్తని నేలగా చేయుము. నీరు పోయ మరచిన మమ్మును క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.