ఎనిమిది సాకులు





దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే మన పిల్లలు, ఎల్బీనగర్ నుంచి తెల్లారకముందే పనికి బయలుదేరే మన అన్నలు, అక్కలు కాసేపు ఆగి ఇది చదవాలి. "టైమ్ లేదన్నా." "రూంలో అయిదుగురం, ఎట్ల చదువుడు?" "ఈ వారం కుదరలే, వచ్చే ఆదివారం విహారానికి తప్పకుండ వస్త." ఈ మాటలు మనకు కొత్త కాదు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని పెద్దలు నవ్వి వదిలేస్తారు. బుద్ధ భగవానుడు వదల్లేదు. సాకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

అంగుత్తర నికాయంలో ఆ లెక్క ఉంది. బద్ధకస్తుడు ఎనిమిది సందర్భాల్లో నడుం వాలుస్తాడట. పని చేయాల్సి ఉంది, అలసిపోతాను. పని చేశాను, అలసిపోయాను. ప్రయాణం ఉంది, ప్రయాణం చేసి వచ్చాను. కడుపునిండా దొరకలేదు, కడుపు నిండి బరువెక్కింది. ఒంట్లో కాస్త నలతగా ఉంది. ఇప్పుడిప్పుడే జబ్బు నుంచి లేచాను. పట్టుదల ఉన్నవాడికీ సరిగ్గా ఇవే ఎనిమిది సందర్భాలు. కానీ అతను ఎలా ఆలోచిస్తాడు? రేపు ప్రయాణం ఉంది, దారిలో సాధన కుదరదు, కాబట్టి ఇప్పుడే చేస్తాను. భోజనం తక్కువైంది, ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇప్పుడే కూర్చుంటాను. నలత ముదరొచ్చు, ముదరకముందే చేస్తాను. అష్టాంగ మార్గంలోని సమ్యక్ వ్యాయామం అంటే కండలు పెంచుకోవడం కాదు, ఇదీ.

అయితే మన కష్టాలన్నీ సాకులేనని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. కులం అడిగి "ఇల్లు ఖాళీ లేదు" అనే ఓనరు సాకు కాదు, నిజమైన అడ్డంకి. 1917లో బరోడాలో బాబాసాహెబ్‌కు తలదాచుకునే చోటు దొరకలేదు. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి! అడ్డంకిని అడ్డంకి అనే చెప్పాలి. చెప్పి అక్కడే కూలబడితేనే అది సాకవుతుంది. దుఃఖం ఉందని చెప్పిన బుద్ధుడు అక్కడ ఆగాడా? కారణం వెతికాడు, పోగొట్టొచ్చన్నాడు, దారి చూపాడు.

అదే ఏడాది స్కాలర్‌షిప్ గడువు తీరి బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. ఓడలో విడిగా పంపిన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆయన మాత్రం బయలుదేరే ముందే, నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు పూర్తిచేసే అనుమతి తీసుకున్నాడు. నాకు ఆయన డిగ్రీలన్నిటి కన్నా ఈ పనే గొప్పగా తోస్తుంది. 1918లో ముంబై సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరి జీతంలో మిగుల్చుకున్నాడు. షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నవల్ భతేనా దగ్గర అప్పు తీసుకున్నాడు. 1920లో మళ్లీ ఓడెక్కాడు. 1923లో డీఎస్సీ వచ్చింది.

ఇక మన ఇళ్లల్లోని పెద్ద సాకు. "బౌద్ధులమని రాస్తే రిజర్వేషన్ పోతది." 1956 దీక్ష తర్వాత చాలా ఏళ్లు కేంద్ర ప్రభుత్వ రిజర్వేషన్ విషయంలో ఇది నిజమైన అడ్డంకే. ఆ రోజుల్లో భయపడిన వాళ్లను తప్పుపట్టలేం. కానీ 1990లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వును సవరించి అందులో బౌద్ధులను చేర్చారు. ఆ తర్వాత కూడా ధమ్మం ఇంట్లో, వేరే మతం కాగితంలో అంటే అది సాకే. సర్టిఫికెట్ దగ్గర ఎవరైనా "కుదరదు" అంటే గొడవపడొద్దు, ఏడుస్తూ తిరిగి రావద్దు. ఏ నియమం ప్రకారం కుదరదో రాసివ్వమని అడగండి. 1990 సవరణ ప్రతి ఒకటి జేబులో పెట్టుకొని పోండి.

"విహారం దూరం, బుద్ధగయకు పోయే స్తోమత లేదు" అనేవారికి ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్ తర్వాతి మెట్రో స్టేషన్ చైతన్యపురి. అక్కడ మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర, సుమారు 1500 ఏళ్ల కిందట బండ మీద చెక్కిన బ్రాహ్మీ లిపి శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలానిది, ప్రాకృత భాషలో ఉంది. గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. అంటే మీరు రోజూ రైల్లో దాటిపోయే చోట ఒకప్పుడు మన భిక్షువులు తిరిగారు. మనం పోయేది గుడికి కాదు, శాసనానికి. పిల్లలను తీసుకొని పొద్దున్నే పోండి. పొద్దెక్కితే బండ కాలుతుంది.