దాటిపోయినవారి పేర్లు

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగాన, వయోమింగ్ రాష్ట్రంలో, స్వీట్‌వాటర్ నది ఒడ్డున ఒక గ్రానైట్ గుట్ట ఉంది. దాని ఎత్తు సుమారు 130 అడుగులు, పొడవు 1,900 అడుగులు. చుట్టూ ఒకసారి తిరిగి రావాలంటే మైలుకు పైగా నడవాలి. చెట్టూ చేమా అంతగా లేని ఆ బయలులో అది బోర్లించిన పడవలా దూరం నుంచే కనిపిస్తుంది. ప్రకృతి దృశ్యంగా దానికి గొప్ప ప్రత్యేకత ఉన్నదని చెప్పలేము; అంతకంటె ఎత్తయిన, అందమైన శిలలు ఆ దేశంలో అనేకం. దానిని చరిత్రలో నిలిపినవి దాని మీద మనుషులు రాసుకున్న పేర్లు.

19వ శతాబ్ది మధ్యలో మిస్సోరి నదీతీరపు పట్టణాల నుంచి ఓరెగాన్‌కు సాగిన బండ్లబాట సుమారు 2,000 మైళ్ళ దూరం. 1840 ప్రాంతం నుంచి 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యే వరకు ఆ బాట మీదుగానూ దాని శాఖల మీదుగానూ ఓరెగాన్, కాలిఫోర్నియా, యూటా దిక్కులకు తరలిపోయినవారు మూడు నుంచి నాలుగు లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. బండ్లలో సామాను ఉండేది. మనుషుల్లో అధికులు నడిచేవారు. రోజుకు 15 మైళ్ళు సాగితే మంచి ప్రయాణం కిందనే లెక్క. వసంతంలో గడ్డి మొలిస్తే తప్ప ఎడ్లకు మేత దొరకదు కనుక ముందుగా బయలుదేరడానికి వీలులేదు. పడమటి కొండల్లో మంచు పడకముందే కనుమలు దాటాలి కనుక ఆలస్యానికీ వీలులేదు. 1846లో ఆలస్యమైన డానర్ బృందం సియెరా నెవాడా పర్వతాల్లో చిక్కుకోగా, 87 మందిలో దాదాపు సగం మంది ఆ చలికాలంలోనే మరణించారు. జూలై 4 నాటికి, అంటే ఆ దేశపు స్వాతంత్ర్య దినానికి, ఈ గుట్టను చేరగలిగితే ప్రయాణం సకాలంలో సాగుతున్నట్లు భావించేవారు. గుట్టకు ‘ఇండిపెండెన్స్ రాక్’ అనే పేరు మాత్రం అంతకు ముందటిది. 1830లో ఉన్ని జంతువుల వేటగాళ్ళు అక్కడ ఆ పండుగ జరుపుకొని పెట్టిన పేరని చెబుతారు.

అక్కడికి చేరినవారు రాతి మీద తమ పేరు, ఊరు, తేదీ రాసేవారు. ఉలి ఉన్నవారు చెక్కారు. లేనివారు బండి ఇరుసుకు పూసే కందెనతోనో తారుతోనో రాశారు. రుసుము తీసుకొని చెక్కిపెట్టేవారు కూడా కొంతకాలం అక్కడ ఉన్నారని తెలుస్తున్నది. ఫాదర్ డి స్మెట్ అనే జెసూట్ మతగురువు ఆ శిలను ఎడారి పట్టికగా వర్ణించాడు. ఈ పేర్లు కేవలం కీర్తికాంక్షతో రాసినవి కావు. వెనుక వస్తున్న అన్నకో, మరో బృందంలో కలిసిపోయిన కుమారుడికో ‘ఇక్కడి దాకా ప్రాణాలతో వచ్చాము’ అని తెలియజేసే సాధనం మరొకటి లేదు. తపాలా లేని చోట రాయే తపాలా అయింది.

అయితే పట్టిక అన్న మాట తేలికైనది కాదు. పట్టికలో నమోదైనవారు ఉన్నవారవుతారు. నమోదు కానివారు లేనివారవుతారు. ఈ సంగతి రెవెన్యూ రికార్డులు చూసినవారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1856లో చేతిబండ్లు లాగుకుంటూ యూటాకు బయలుదేరిన రెండు మోర్మన్ బృందాలు ఈ పరిసరాల్లోనే మంచుతుఫానులో చిక్కుకున్నాయి. చలికీ ఆకలికీ ఇన్నూటికి పైగా ప్రాణాలు పోయాయి. ఓపిక ఉడిగినవాడు ఉలి పట్టడు. కనుక రాతి మీద ఉన్నది ప్రధానంగా ఆ రోజుకు సత్తువ మిగిలినవారి చరిత్ర. మరి ఆ నేలమీద తరతరాలుగా వేటాడి, విడిది చేసి, బతికిన షోషోనీ, అరాపహో, చెయెన్, క్రో, లకోటా ప్రజల సంగతి ఏమిటి? బాటసారుల పట్టికలో వారికి చోటెక్కడిది? వారు దారిన పోయినవారు కారు. నేల మీద ఉన్నవారు.

ఆ ఉన్నవారికి బాట వల్ల జరిగిన నష్టం ఒకనాడు, ఒక దెబ్బతో జరిగినది కాదు. ఒక బండి వెంట నాలుగు జతల ఎడ్లు మేసిన గడ్డి ఎంత? ఒక కుటుంబం వంటకు విరిచిన కట్టె ఎంత? కాని వేలాది బండ్లు ప్రతి వేసవిలో అదే నదీలోయను పట్టి నడిచేసరికి గడ్డి, వంటచెరకు తరిగిపోయాయి. అడవిదున్నల మందలు బాటకు దూరంగా తొలగిపోయాయి. 1849లో బాట వెంట వచ్చిన కలరా బాటసారులను వేల సంఖ్యలో బలిగొన్నది. అదే వ్యాధి చెయెన్ ప్రజల్లో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది. ఇక్కడ నీతిశాస్త్రం తడబడుతుంది. పాపం చేయాలని ఏ ఒక్కరూ బయలుదేరలేదు. బిడ్డను దారిపక్క పూడ్చిపెట్టి మర్నాడు నడిచిన తల్లిని ఆక్రమణదారు అనడానికి నోరు రాదు. అలాగని, ఎవరూ నేరస్థులు కారు కనుక నేరమే జరగలేదనడం న్యాయం కాదు.

ఈ చిక్కును విప్పాలంటే రాతి మీది పేర్లను విడిచి, అక్కడ లేని మరో పేరును వెతకాలి. 1850లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం, ముందుగా వెళ్ళి ఓరెగాన్‌లో స్థిరపడిన తెల్లజాతి పురుషునికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు ఉచితంగా ఇస్తానన్నది. ఆ నేలను అక్కడి ఆదివాసుల నుంచి ఒప్పందం ద్వారా ప్రభుత్వం అప్పటికింకా పొందనే లేదు. తనది కాని ఆస్తిని దానం చేయడం ఏ ధర్మశాస్త్రమూ ఒప్పని పని. 1851లో లారమీ కోటకు దిగువన హార్స్ క్రీక్ వద్ద దాదాపు పదివేల మంది ఆదివాసులను సమావేశపరచి సంధి చేశారు. బాటకూ కోటలకూ అనుమతి ఇచ్చినందుకు బదులుగా ఏటా 50,000 డాలర్ల విలువైన సరుకులు 50 ఏళ్ళపాటు ఇస్తామన్నారు. సెనేట్ ఆ కాలాన్ని 10 ఏళ్ళకు కుదించి, ఆపైన 5 ఏళ్ళను అధ్యక్షుని ఇష్టానికి వదిలింది. రైతు తన పేరును, తేదీని బండమీద బాహాటంగా రాసి వెళ్ళాడు. ఆ రైతును అటు పంపిన ప్రభుత్వం మాత్రం తన సంతకాన్ని దూరాన రాజధానిలో, కాగితం మీద, కొట్టివేతలతో చేసింది. బాధ్యతను కొలవవలసివస్తే మొదట కొలవవలసినది ఈ రెండో సంతకాన్నే.

పేరు పెట్టడంలోనూ ఇదే వ్యవహారం. ఇదే బాటలో, తూర్పుగా నెబ్రాస్కాలో, బాటసారుల దినచర్య పుస్తకాలలో అన్నిటికంటె ఎక్కువగా ప్రస్తావనకు వచ్చిన శిల ఒకటి ఉంది. ‘చిమ్నీ రాక్’ అని దాని పేరు. బంకమట్టి, అగ్నిపర్వత బూడిద, ఇసుకరాయి కలిసిన ఆ స్తంభం పరిసర భూమికి సుమారు 300 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. దానికి లకోటాలు పెట్టిన పేరు మగ దుప్పి శరీరంలోని ఒక అవయవానిది. వేటగాడి కంటికి వేట కనిపించింది. ఇల్లు వదిలివచ్చినవాడి కంటికి ఇంటి పొగగొట్టం కనిపించింది. రెండూ సహజమే. కాని 2006లో నెబ్రాస్కా పేరిట వెలువడిన నాణెం మీద ఆ శిలతో పాటు ఉన్నది ఎడ్లబండి మాత్రమే.

ఇండిపెండెన్స్ రాక్ 1961లో జాతీయ చారిత్రక చిహ్నమయింది. ఇప్పుడు దాని మీద ఎవరైనా పేరు చెక్కితే శిక్షార్హులు. 1850లో చేసిన పని వారసత్వం, ఈనాడు అదే పని అపరాధం! శ్రీలంకలోని సిగిరియాలో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. అక్కడి అద్దపు గోడ మీద ప్రధానంగా 8 నుంచి 10 శతాబ్దాల మధ్య సందర్శకులు గీసిన పద్యాలలో 685ను పరణవితాన పండితుడు 1956లో ప్రకటించాడు. సింహళ సాహిత్య చరిత్రకు అవి అమూల్యాధారాలు. అదే గోడ మీద 2015లో తన పేరు గీసిన ఒక యువతికి రెండేళ్ళ జైలుశిక్ష పడింది. తరువాత అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. మన దేశంలోనూ పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇటువంటి చేతకు రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించింది. చట్టం అవసరమే, అది లేకుంటే పదేళ్ళలో పాత అక్షరం ఒక్కటి మిగలదు. కాని కాలం గడిచినంత మాత్రాన పని పవిత్రం కాదు. పాత పేర్లను కాపాడడానికి కారణం అవి సాక్ష్యాలు కావడం. సాక్ష్యాన్ని భద్రపరచడం వేరు, సాక్షిని సన్మానించడం వేరు. ఈ రెండింటినీ కలిపివేసే అలవాటు స్మారక చిహ్నాల శాఖలకు అన్ని దేశాల్లోనూ ఉన్నది.

ఆ బండ మీదే జరిగిన ఒక ఘట్టం ఇందుకు ఉదాహరణ. 1842లో సైనికాధికారి ఫ్రీమాంట్ అక్కడ పెద్ద శిలువను చెక్కించి, చెరగకుండా రబ్బరు లేపనం పూయించాడు. 1847 జూలై 4న కొందరు బాటసారులు అది క్యాథలిక్ గుర్తు అని తలచి తుపాకిమందుతో పేల్చివేశారని చెబుతారు. తమ పేర్లు శాశ్వతంగా ఉండాలని కోరుకున్నవారే పొరుగువాడి గుర్తును ఓర్వలేకపోయారు. పేల్చివేత కూడా సాక్ష్యమే కదా. దానిని చెప్పకుండా బండ చరిత్ర చెప్పడం కుదరదు.

అక్షరాలు మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగడం లేదు. కందెనతో, తారుతో రాసినవి చాలావరకు ఏనాడో చెరిగిపోయాయి. ఉలితో చెక్కినవాటిని రాతిపాచి కమ్ముతున్నది, గడ్డకట్టే మంచు పెళ్ళలుగా రాల్చుతున్నది. మాసిన అక్షరాన్ని మళ్ళీ లోతుగా చెక్కితే అది నాటి బాటసారి రాత కాకుండా నేటి ఉద్యోగి రాత అవుతుంది. అక్కడికి వాయవ్యంగా ఉన్న విండ్ రివర్ రిజర్వేషన్‌లో షోషోనీలు, అరాపహోలు నేటికీ నివసిస్తున్నారు. బండ పక్కన నిలబెట్టే ఫలకం మీద ఏమి రాయాలో నిర్ణయించే చోట వారికి కుర్చీ వేయడానికి మాత్రం ఏ ఉలీ అక్కరలేదు.